ట్యూబు మళ్ళీ వేయాల్సి వచ్చిందంటే తొందరపడి తీశారనే అర్థమా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా నాన్నగారికి 67 ఏళ్ళు. నలభై ఏళ్ళపాటు చుట్ట కాల్చారు, ఐదేళ్ళ క్రితం గుండెకు స్టెంటు వేశారు. న్యుమోనియా వచ్చి ఆయాసం ఎక్కువైతే గుంటూరులో ఒక ఆసుపత్రిలో చేర్పించాం. వెంటిలేటర్ పెట్టారు. ఆరో రోజు ఉదయం పరీక్షలన్నీ బాగున్నాయని చెప్పి నోట్లోని ట్యూబు తీశారు. నాన్నగారు మాతో రెండు మాటలు మాట్లాడారు కూడా. ఆ రాత్రి రెండు గంటలకు ఊపిరితిత్తుల్లో నీరు చేరిందంటూ మళ్ళీ ట్యూబు వేశారు. ఇవాళ పదో రోజు. రేపో ఎల్లుండో ఇంకోసారి తీసి చూస్తామంటున్నారు. అమెరికాలో ఉన్న అన్నయ్య గొంతు దగ్గర రంధ్రం పెట్టించమంటున్నాడు. మేనమామ మాత్రం గొంతు కోయడానికి ఒప్పుకోవద్దంటున్నారు. మొదటిసారి వాళ్ళు తొందరపడ్డారా? రెండోసారికి ఒప్పుకోవచ్చా? మా వంతుగా చేయగలిగినది ఏమైనా ఉందా?

సమాధానం: అమ్మా, ఆరు రోజుల తరువాత నాన్నగారి గొంతు విని, ఆ రాత్రే మళ్ళీ ట్యూబు వేశారని వినడం ఎంత కష్టమో నేను ఊహించగలను. ఐసీయూ బయట అలా కూలబడిపోయిన కుటుంబాలతో ఎన్నోసార్లు మాట్లాడాను. అయితే ట్యూబు మళ్ళీ వేయాల్సి వచ్చిందన్న ఒక్క కారణంతో వైద్యులు తొందరపడ్డారని అనడం న్యాయం కాదు. అన్ని పరీక్షలూ నెగ్గిన తరువాత ట్యూబు తీసినవారిలో కూడా, నూటికి పది నుంచి ఇరవై మందికి రెండు మూడు రోజుల్లో దాన్ని తిరిగి వేయవలసి వస్తుందని ప్రపంచమంతటా ఐసీయూల అనుభవం చెబుతోంది. ఎప్పుడూ, ఎవరికీ ట్యూబు తిరిగి వేయలేదని చెప్పుకునే ఐసీయూ ఉంటే, అక్కడ తీయదగిన రోజు వచ్చినా తీయకుండా రోగులను వెంటిలేటర్ మీద ఉంచేస్తున్నారని నేను అనుమానిస్తాను. అదనంగా గడిచే ప్రతి రోజూ ట్యూబు వెంబడి కొత్త న్యుమోనియా వచ్చే అవకాశాన్ని పెంచుతుంది, ఊపిరి తీసే కండరాలను ఇంకొంచెం సడలిస్తుంది, మత్తు మందుల వల్ల వచ్చే సంధిని, అంటే మతి చెదిరి అయోమయంలో పడే స్థితిని, పొడిగిస్తుంది. మరోవైపు ట్యూబు తిరిగి వేయించుకున్నవారికి ప్రాణాపాయం ఎక్కువన్నదీ నిజమే కాబట్టి ఆ సంఘటనను చిన్నదిగా చూడమని కూడా చెప్పను. ఇప్పుడు మీరు వైద్యులను అడగవలసినది, మొదటిసారి ఏ కారణం వల్ల విఫలమైంది, ఆ కారణాన్ని ఈ నాలుగు రోజుల్లో సరిచేశారా అని.

ఆ జవాబు మీకు అర్థం కావాలంటే, వెంటిలేటర్ చేసే పని వేరు, ట్యూబు చేసే పని వేరు అన్న సంగతి తెలియాలి. వెంటిలేటర్ ఊపిరి అందిస్తుంది. నోటి నుంచి స్వరతంత్రుల మధ్యగా శ్వాసనాళంలోకి దిగిన ట్యూబు, ఆ గాలికి దారి తెరిచి ఉంచుతుంది. ట్యూబు కింది కొసన ఉన్న చిన్న గాలి బుడగ నాళం చుట్టూ ఉబ్బి ఉండి, నోట్లోని ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి జారకుండా చాలావరకు అడ్డుకుంటుంది. పేరుకున్న కఫాన్ని సక్షన్‌తో లాగేయడానికీ అదే మార్గం. అందువల్ల రోగి రెండు వేర్వేరు పరీక్షలు నెగ్గవలసి ఉంటుంది. యంత్రం సాయం లేకుండా ఊపిరి తీసుకోగలడా అన్నది మొదటిది. ట్యూబు లేకపోయినా తన గొంతును తాను కాపాడుకోగలడా అన్నది రెండవది. చాలామంది కుటుంబ సభ్యులకు మొదటిదాని గురించి మాత్రమే చెబుతారు.

మొదటి పరీక్షకు ముందు, ట్యూబు వేయడానికి కారణమైన జబ్బు తగ్గుముఖం పట్టి ఉండాలి. రక్తపోటును నిలబెట్టే మందులు లేకుండానో, చాలా తక్కువ మోతాదులోనో బీపీ నిలవాలి. ఆక్సిజన్ అవసరం తగ్గి ఉండాలి. అప్పుడు మత్తు మందు ఆపి, రోగి మెలకువలోకి వచ్చాక, యంత్రం ఇచ్చే సాయాన్ని కొద్దిపాటి ఒత్తిడికి (5 నుంచి 8 సెంటీమీటర్ల నీటి పీడనానికి) తగ్గించిగానీ, ఆ సాయం కూడా లేకుండా ట్యూబుకు ఆక్సిజన్ గొట్టం మాత్రం తగిలించిగానీ అరగంట నుంచి రెండు గంటలపాటు గమనిస్తారు. నిమిషానికి 35 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, నాడి బాగా పెరిగినా, చెమటలు పట్టినా, డొక్కలు ఎగరేస్తున్నా, ఆక్సిజన్ పడిపోయినా పరీక్ష ఆపి, కారణం వెతికి, మరునాడు మళ్ళీ చూస్తారు. ఎంతసేపు గమనించాలన్న విషయంలో పాతకాలపు అలవాటు కంటే రుజువులే మేలు. 2019లో స్పెయిన్‌లో 1,153 మందితో చేసిన అధ్యయనంలో, కొంత సాయంతో అరగంట మాత్రమే పరీక్షించినవారిలో 82 శాతం మంది ట్యూబు నుంచి విజయవంతంగా బయటపడితే, ఏ సాయమూ లేకుండా రెండు గంటలు పరీక్షించినవారిలో 74 శాతం మందే బయటపడ్డారు. కాబట్టి అరగంటే చూశారన్న కారణంతో మీ వైద్యులను తప్పుపట్టనక్కరలేదు.

ఇక రెండవ పరీక్షలో దగ్గు బలం ముఖ్యమైనది. ట్యూబు కొసకు ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో ఒక తెల్ల అట్టముక్క పట్టుకుని దగ్గమంటారు. మూడు నాలుగు సార్లు దగ్గినా ఆ అట్ట తడవకపోతే కఫాన్ని పైకి తేగల బలం లేనట్టే. ఇంత చవకైన పరీక్ష ఏ చిన్న ఆసుపత్రిలోనైనా చేయవచ్చు. నర్సు ఎంత తరచుగా సక్షన్ చేయవలసి వస్తోందో, కఫం ఎంత చిక్కగా ఉందో, పిలిస్తే కళ్ళు తెరుస్తున్నారా, చేయి నొక్కమంటే నొక్కుతున్నారా అన్నవీ చూడాలి. గొంతులో వాపు ఉందా అన్నది ఇంకో ప్రశ్న. ట్యూబు లోపల ఉన్నంతసేపూ ఆ వాపు బయటపడదు. తీసిన కొద్ది నిమిషాల్లోనో, గంటల్లోనో ఊపిరి పీల్చేటప్పుడు కీచుమనే శబ్దంతో తెలుస్తుంది. అందుకే వాపు వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నవారికి, అంటే చాలా రోజులు ట్యూబుతో ఉన్నవారికి, కష్టంతో ట్యూబు వేయవలసి వచ్చినవారికి, ఒకసారి తీసి తిరిగి వేసినవారికి, ముందుగా ఆ గాలి బుడగను వదులు చేసి ట్యూబు పక్క నుంచి గాలి తగినంతగా బయటికి వస్తోందా అని కొలుస్తారు. రాకపోతే కనీసం నాలుగు గంటల ముందు నుంచి స్టెరాయిడ్ ఇచ్చి ఆ తరువాత తీస్తారు. ఫ్రాన్స్‌లో 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పన్నెండు గంటల ముందు నుంచే స్టెరాయిడ్ ఇచ్చినవారిలో గొంతు వాపు 3 శాతానికి పరిమితం కాగా, ఇవ్వనివారిలో 22 శాతం మందికి వచ్చింది. మీ నాన్నగారికి ట్యూబు రెండుసార్లు వేశారు కాబట్టి, ఈసారి ఈ పరీక్ష చేశారా అని మీరు తప్పక అడగండి.

మన ప్రాంతంలో పురుగుల మందు వల్లనో, కట్లపాము కాటు వల్లనో వెంటిలేటర్ మీదికి వచ్చే వారు తక్కువేమీ కాదు కాబట్టి, ఆ ఇళ్ళవారి కోసం ఇక్కడే ఒక మాట చెబుతాను. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు ఒంట్లోకి వెళ్ళినవారికి మొదటి రోజు విషలక్షణాలు తగ్గి బాగున్నట్టు కనిపించినా, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు, ఊపిరి కండరాలు హఠాత్తుగా చచ్చుబడే దశ ఒకటి వస్తుంది. శ్రీలంక వైద్యులు 1987లో దీన్ని వివరించారు. ఇలాంటివారిలో యంత్రం మీది అంకెలతో పాటు, రోగి తలను దిండు మీద నుంచి ఎత్తి కొన్ని క్షణాలు నిలపగలుగుతున్నాడా అన్నది చూడాలి. తల ఎత్తలేని మనిషికి ట్యూబు తీయడానికి నేను తొందరపడను.

మీ నాన్నగారి విషయానికి వస్తే, ఉదయం తీసిన ట్యూబును రాత్రి రెండింటికి తిరిగి వేయడం, ఊపిరితిత్తుల్లో నీరు, పాత స్టెంటు, ఇవన్నీ గొంతు కంటే గుండె వైపే ఎక్కువగా వేలు చూపిస్తున్నాయి. వెంటిలేటర్ గాలిని ఒత్తిడితో లోపలికి నెడుతుంది. ఆ ఒత్తిడి వల్ల ఛాతీలోకి తిరిగి వచ్చే రక్తం కొంత తగ్గుతుంది, రక్తాన్ని బయటికి నెట్టే శ్రమ కూడా గుండె ఎడమ గదికి (ఎడమ జఠరికకు) కొంత తగ్గుతుంది. అంటే యంత్రం ఊపిరితిత్తులకే కాక, బలహీనమైన గుండెకు కూడా చాటుగా సాయపడుతూ ఉంటుంది. ట్యూబు తీసి, మనిషి తన బలంతో గాలి పీల్చడం మొదలుపెట్టగానే ఆ సాయం ఒక్కసారిగా పోతుంది. గుండె మీద బరువు పెరుగుతుంది, సెలైన్ల వల్ల ఒంట్లో నిలిచిన నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. సాయం కొద్దిగా ఉంచి చేసే అరగంట పరీక్ష చాలామందికి సరిపోతుందని పైన రాశాను గాని, ఆ కొద్దిపాటి ఒత్తిడే గుండె బలహీనతను కప్పిపుచ్చగలదు. అందువల్ల ఇలాంటి వ్యక్తికి రెండవ ప్రయత్నానికి ముందు ఆ సాయం పూర్తిగా తీసేసి పరీక్షించడం మేలని నా అభిప్రాయం. మీ వైద్యులు వేరే పద్ధతి అనుసరిస్తే దానికి కారణం అడిగి తెలుసుకోండి. వాళ్ళు ఆయనను కళ్ళారా చూస్తున్నారు, నేను మీ ఉత్తరాన్ని మాత్రమే చూస్తున్నాను.

ఈ నాలుగు రోజుల్లో ఎకో (గుండె స్కానింగు) తీశారా, గుండె ఎంత బలంగా కొట్టుకుంటోంది, చేరిన రోజు నుంచి ఒంట్లో ఎంత నీరు నిలిచింది, మూత్రం ఎక్కువగా వచ్చే మందులతో దాన్ని ఎంతవరకు తీశారు, బీపీ అదుపులో ఉందా అని అడగండి. నలభై ఏళ్ళ చుట్ట అలవాటు ఉంది కాబట్టి, రక్తంలో కార్బన్ డయాక్సైడు పేరుకుంటోందా, శ్వాసనాళాలను వదులు చేసే మందులు ట్యూబు ద్వారా ఇస్తున్నారా అన్నదీ అడగాలి. వీటికి తృప్తికరమైన జవాబులు వస్తే రెండవ ప్రయత్నానికి మీరు నిస్సంకోచంగా ఒప్పుకోవచ్చు. మొదటిసారి తరువాత ఏమీ మారలేదంటే మాత్రం, ఏమీ మార్చకుండా మళ్ళీ తీస్తే ఫలితం ఎందుకు మారుతుందని మర్యాదగానే అయినా గట్టిగా అడిగే హక్కు మీకుంది.

ట్యూబు తీసిన తరువాత ఏం చేయబోతున్నారన్నది కూడా తీయకముందే తేలాలి. 65 ఏళ్ళు దాటినవారికి, గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉన్నవారికి ట్యూబు తీసిన వెంటనే, ఆయాసం కోసం ఎదురు చూడకుండా, ఒత్తిడితో గాలి అందించే బైప్యాప్ మాస్కును, మధ్యమధ్యలో ముక్కు ద్వారా ఇచ్చే హై ఫ్లో ఆక్సిజన్‌ను వాడితే మేలు జరుగుతుంది. ఫ్రాన్స్‌లో 2019లో 641 మందితో చేసిన అధ్యయనంలో, ఈ రెండూ కలిపి వాడినప్పుడు వారం లోపల ట్యూబు తిరిగి వేయవలసి వచ్చినవారు సుమారు 12 శాతం ఉంటే, హై ఫ్లో ఒక్కటే వాడినప్పుడు 18 శాతం ఉన్నారు. అయితే ఇదే మాస్కును, ఆయాసం పూర్తిగా ముదిరిన తరువాత తగిలించి, ట్యూబు వేయకుండా గంటలు గడిపితే మంచి కన్నా చెడు జరిగే ప్రమాదం ఉంది. 2004లో పలు దేశాల్లో జరిగిన అధ్యయనంలో, అలా మాస్కుతో గడిపినవారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి; అందుకు ఒక కారణం ట్యూబు తిరిగి వేయడంలో జరిగిన ఆలస్యమేనని భావించారు. అందుకని, తెల్లవారేదాకా ఆగకుండా అర్ధరాత్రి రెండు గంటలకే ట్యూబు వేసిన ఆ డ్యూటీ డాక్టరు మీ నాన్నగారికి మేలే చేశారని నేను నమ్ముతున్నాను.

పరీక్ష నెగ్గిన తరువాత వెంటనే తీయకుండా, ఒక గంటపాటు మళ్ళీ యంత్రానికి కలిపి విశ్రాంతి ఇచ్చి తీస్తే ట్యూబు తిరిగి వేయవలసిన అవసరం తగ్గినట్టు 2017లో వచ్చిన ఒక స్పెయిన్ అధ్యయనం చూపించింది. ఖర్చు లేని పద్ధతి కాబట్టి, పరీక్షలోనే అలసిపోయే పెద్దవాళ్ళకు ఇది చేయడం నాకు నచ్చుతుంది. పగటి పూట, అనుభవమున్న వైద్యులూ ఫిజియోథెరపిస్టూ అందుబాటులో ఉండే వేళ తీయడం కూడా అంతే మంచిది.

గొంతు దగ్గర రంధ్రం గురించి మీ ఇంట్లో జరుగుతున్న వాదనలో, మీ అన్నయ్యగారి ఆరాటాన్నీ, మీ మేనమామగారి భయాన్నీ నేను రెండింటినీ అర్థం చేసుకోగలను. ట్రాకియాస్టమీ అంటే గొంతు కోయడం కాదు. స్వరపేటికకు కింద, మెడ ముందు భాగంలో చిన్న రంధ్రం చేసి, పొట్టి గొట్టం ఒకటి నేరుగా శ్వాసనాళంలో పెడతారు. అది శాశ్వతమూ కాదు. ఊపిరి కుదుటపడి గొట్టం తీసేశాక చాలామందికి ఆ రంధ్రం కొన్ని రోజుల్లో, కొన్ని వారాల్లో దానంతటదే పూడిపోతుంది. నోట్లో ట్యూబు ఉండదు కాబట్టి మత్తు మందు అవసరం బాగా తగ్గుతుంది, మంచం దిగి కూర్చోవచ్చు, కోలుకుంటున్నకొద్దీ మాట్లాడించవచ్చు, తినిపించవచ్చు. అలాగని తొందరపడి చేయించినందువల్ల ప్రాణం దక్కే అవకాశం పెరగదు. బ్రిటన్‌లో 909 మందితో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి నాలుగు రోజుల్లో చేసినా పది రోజుల తరువాత చేసినా మరణాల్లో తేడా రాలేదు. పైగా పది రోజులు ఆగుదామనుకున్నవారిలో సగానికి పైగా మందికి అసలు దాని అవసరమే పడలేదు. మీ నాన్నగారు మెలకువగా ఉండి, దగ్గు బలంగా ఉండి, గుండెకు సంబంధించిన లోపాన్ని సరిచేసి ఉంటే, ట్రాకియాస్టమీకి ముందు ఒకసారి ప్రయత్నించడం సమంజసమే. ఆ ప్రయత్నం కూడా విఫలమైతే, లేదా దగ్గు బలహీనంగా ఉండి కఫం ఆగకుండా వస్తుంటే, అప్పుడు ట్రాకియాస్టమీని ఓటమిగా చూడకుండా ఒప్పుకోండి. అలాంటి స్థితిలో అదే ఆయనను వెంటిలేటర్ నుంచి బయటికి తెచ్చే దారి.

బంధువులకు చెప్పేటప్పుడు మాటల విషయంలో ఒక జాగ్రత్త తీసుకోండి. మన ఊళ్ళలో "వెంటిలేటర్ తీసేస్తున్నారట" అనగానే, ఇక ఆశ లేదని, ఆఖరి చూపుకు రమ్మంటున్నారని అర్థం చేసుకుంటారు. ఆ మాట విని పరుగున వచ్చి ఐసీయూ తలుపు దగ్గర ఏడ్చిన బంధువులను నేను చూశాను. మీ నాన్నగారికి ట్యూబు తీస్తున్నది కోలుకుంటున్నందువల్ల. బతికే అవకాశం లేనప్పుడు యంత్రాన్ని ఉపసంహరించడం పూర్తిగా వేరే నిర్ణయం. దానికి సుప్రీంకోర్టు 2018లో నిర్దేశించి 2023లో సరళం చేసిన పద్ధతి, వైద్యుల బోర్డుల ఆమోదం ఉన్నాయి. ఈ రెండింటినీ ఎవరూ కలగలపకుండా, ఇంటి పెద్దలకు మీరే ముందుగా వివరించండి.

మీ వంతు పని చాలా ఉంది. ఆయన చేతులు కట్టి ఉండటం, ట్యూబుతో ఇబ్బంది పడటం చూడలేక "ఇంకొంచెం మత్తు ఇచ్చి పడుకోబెట్టండి" అని అడగాలనిపిస్తుంది. దయచేసి అలా అడగకండి. రోజూ మత్తు ఆపి, మెలకువలోకి తెచ్చి, ఊపిరి పరీక్ష పెట్టే పద్ధతి వల్ల రోగులు వెంటిలేటర్ నుంచి త్వరగా బయటపడటమే కాక, ఏడాది తరువాత బతికి ఉన్నవారి సంఖ్య కూడా పెరిగినట్టు 2008లో అమెరికా వైద్యులు చూపించారు. నొప్పి ఉంటే నొప్పికి మందు ఇమ్మని అడగండి, అది వేరు. మెలకువగా ఉన్నప్పుడు ఇది ఏ ఊరో, ఏ వారమో, తన ఒంట్లో ఏం జరుగుతోందో ఆయనకు చెబుతూ ఉండండి. కళ్ళజోడు, వినికిడి యంత్రం ఉంటే ఆసుపత్రికి తీసుకువెళ్ళి ఇవ్వండి. చదువు వస్తే ఒక పలకా బలపమూ పెట్టండి. జబ్బుకు ముందు ఎంత దూరం నడిచేవారో, మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చేదా, రాత్రి గట్టిగా గురక పెట్టేవారా, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేవారా అన్నవి వైద్యులకు చెప్పండి. కేస్ షీటులో దొరకని ఈ సంగతులు గుండె విషయంలో నిర్ణయాన్ని మార్చగలవు.

ట్యూబు తీసిన రోజున ఆయన దాహమని అడుగుతారు. ప్రేమకొద్దీ కొబ్బరి నీళ్ళో, గుడి నుంచి తెచ్చిన తీర్థమో చెంచాతో పోయాలనిపిస్తుంది. డాక్టరో నర్సో మింగే శక్తిని పరీక్షించి చూసి సరేననేదాకా ఒక్క చుక్క కూడా పోయకండి. రోజుల తరబడి ట్యూబు ఉన్న గొంతుకు స్పర్శ మందగించి ఉంటుంది. అలాంటప్పుడు పొలమారినా దగ్గు రాకపోవచ్చు, నీళ్ళు నిశ్శబ్దంగా ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి మళ్ళీ న్యుమోనియా తెస్తాయి. అప్పటివరకు తడి గుడ్డతో పెదవులు తుడవండి, తీర్థమైతే నుదుటికి అద్దండి. గొంతు బొంగురుగా ఉంటే భయపడకండి, చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గుతుంది. కొన్ని వారాలు దాటినా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించాలి. మొదటి రెండు రోజులూ మాత్రం పక్కన ఉన్నవారు ఒక కంట కనిపెట్టి ఉండండి. ఊపిరి పీల్చేటప్పుడు కీచుమనే శబ్దం వచ్చినా, పూర్తి వాక్యం మాట్లాడలేక రెండేసి మాటలకు ఆగుతున్నా, చెమటలు పట్టినా, మగతగా మారి పిలిస్తే పలకకపోయినా, రౌండ్ల వేళ కోసం ఆగకుండా ఆ క్షణమే నర్సును పిలవండి.